వసంతకాలమున తోపులలో పక్షుల రాకపోకలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము ఊరివారికి పుస్తకముల నిచ్చుచున్నది. ఏ పుస్తకము ఏ దినమున ఎవరింటికి పోయినదో, ఎప్పుడు తిరిగివచ్చినదో చెప్పు రిజిస్టరు ఈ బీరువాలో నేటికిని భద్రముగా నున్నది. ఇట్టి రాకపోకలే ప్రతి సంవత్సరము ఊరి వెలుపల, వాగు ఒడ్డున, చెరువుకట్ట క్రింది చింతతోపులో జరుగుచున్నవి. వానికి మాత్రము రిజిస్టరు లేదు. ఫాల్గుణము మొదలు వైశాఖాంతము వరకు ఆ తోపుమీదుగా పోవు పక్షులను గూర్చి నాలుగు మాటలు విన్నవించుటయు, వానికి గూడ ఒక పుస్తకము తెరువవలెనని కోరుటయు ఈ ఉపన్యాసమునకు ఉద్దేశము.

వసంతమనగానే అందరికిని మొదట తోచునది కోయిల. మావిచిగురు తిని కోయిల కూయునని చిన్నపిల్లలును చెప్పుదురు. వసంతముతోపాటు ఎచ్చటినుండియో కోయిల వచ్చునని పలువురి నమ్మకము. నిజమునకు కోయిల ఎక్కడికిని పోలేదు. మాఘమాసపు చలిలోను అది ఆ మామిడిచెట్టునందే యుండినది. అప్పుడు కూయలేదు గనుక ఎవరును చూడలేదు. మగకోయిల నల్లన; ఆడుకోయిల గోధుమవన్నెపై తెల్లని చుక్కలు కలది, కూయనిది. కాకి గూటిలో గ్రుడ్డుపెట్టు కాలము సమీపింపగానే మగది గొంతు విప్పును. పూర్వులు దానికి పరభృతమని పేరిడుటకు కారణ మిదియే. ఊరిలో నున్న పక్షి కూసినంతనే కొత్తగా వచ్చినదని అనుకొనుచు, ఆ దినములలోనే చప్పుడు చేయక వెడలిపోవు పక్షులను మాత్రము ఎవరును గమనింపకున్నారు. గమనింపవలసినది వానినే.

మొదట వాగు ఒడ్డున నున్న బూరుగుచెట్టు క్రింద నిలిచి చూడవలెను. ఫాల్గుణమున ఆకులన్నియు రాలి, కొమ్మ కొమ్మకును దోసెడేసి ఎఱ్ఱని పూవులు విచ్చియుండును. తెల్లవారుజామున ఆ చెట్టుమీద సంతవంటి గోల వినవచ్చును. కాకులు, గోరింకలు, ఉడుతలు, తేనెటీగలు అన్నియు అచ్చటనే యుండును. వాని నడుమ గుంపులు గుంపులుగా దిగునవి గులాబి గోరింకలు. తల, రెక్కలు, తోక నల్లన. వీపును పొట్టయు లేత గులాబివన్నె. పూవులోని తేనెకై ముక్కు దూర్చుటచేత మొగమంతయు పుప్పొడి యంటియుండును. బూరుగు పూత తీరగానే మోదుగలమీద వాలును. మఱ్ఱిపండ్లు, రావిపండ్లు తినును. జొన్నచేలమీదను పడును. అందుచేత రైతునకు వీనిపై ప్రీతి లేదు. మంచెనెక్కి వడిసెల త్రిప్పి తోలును. ఆ కోపము న్యాయమే.

అయినను ఈ పక్షి లెక్క ఒక్క జొన్నచేనితో ముగియదు. ఏప్రిల్ నెలలో ఈ గుంపులు వాయవ్యదిక్కుగా లేచి, పర్వతములు దాటి, కజకిస్థాన్ మొదలగు మధ్య ఆసియా దేశముల గడ్డిమైదానములకు చేరును. అచ్చటి రాళ్ళగుట్టలలో వేలకొలదిగా ఒక్కచోట గూళ్ళు పెట్టును. పిల్లలను పెంచుటకు వానికి కావలసిన ఆహారము మిడుతలు. మిడుతలదండు పుట్టు కాలమునకే వాని పిల్లలును పుట్టును. చైనాదేశపు పశ్చిమభాగమున షిన్‌జియాంగులో 1980 తర్వాతి దశకములలో ఈ పక్షులను పిలుచుకొనుటకై రాళ్ళతోను ఇటుకలతోను గూళ్ళు కట్టించి, పురుగుమందులకు మారుగా మిడుతలను వీనిచే నశింపజేసిరి. ఇచ్చట వడిసెలదెబ్బ తిన్న పక్షి అచ్చటి రైతునకు పంట కాపాడు కావలివాడు. ఖర్చుకలము మాత్రమే చూచి జమకలము చూడనివాడు లెక్క తెలిసినవాడు కాడు గదా.

చింతతోపులోనికి పోయినచో వేఱొక బాటసారి కనబడును. పసుపు ముద్దవలె మెఱయుచు, కన్నునకు నల్లని కాటుకరేఖ, రెక్కలలో నలుపు గల ఆ పక్షిని వంగపండు అందురు. పిల్లనగ్రోవి ఊదినట్లు దాని గొంతు. చలికాలమంతయు ఈ దక్షిణపు తోపులలో నుండి, మార్చి, ఏప్రిల్ నెలలలో గూడు కట్టుకొనుటకు ఉత్తరముఖముగా మరలును. చైత్రమాసపు ఒక ఉదయమున తోపు వట్టిబోయినట్లు తోచినచో, అది వంగపండు వెడలిన దినమని గుర్తింపవచ్చును.

చెరువుగట్టున తోక పైకి క్రిందికి ఆడించుచు పరుగెత్తునది కాటుకపిట్ట. సంస్కృతమున ఖంజరీటము. నాయికల కన్నులకు కవులు దీనినే ఉపమానముగా గైకొనిరి. వరాహమిహిరుడు ఆరవ శతాబ్దమున రచించిన బృహత్సంహితలో ఖంజనమును చూచుట వలని ఫలమునకై ఒక అధ్యాయమునే కేటాయించెను. సంవత్సరమున మొదటిసారిగా అది ఎచ్చట, ఎట్టి స్థలమున కనబడినదో దానినిబట్టి శుభాశుభములు చెప్పుట ఆ అధ్యాయపు విషయము. శకునమును నమ్మువారు నమ్మవచ్చును, మానువారు మానవచ్చును. కాని వర్షములు వెడలినపుడు ఈ పక్షి క్రొత్తగా వచ్చుననియు, ఆ మొదటి దర్శనమును గుర్తుంచుకొనవలెననియు ఆనాటివారు ఎఱిగియుండిరన్నది ఇందు తేటపడుచున్నది.

వీనికన్న చిన్నది, ఎవరి కంటను పడనిది మఱొకటి కలదు. చింతాకులలో ఆకువలెనే కలిసిపోయి, రెమ్మ రెమ్మకు ఎగురుచు సన్నని పురుగులను ఏరుకొని తిను పచ్చని చిఱుపిట్ట అది. దాని తూకము పదిగ్రాములైనను ఉండదు. వీనిలో కొన్ని హిమాలయముల అడవులలోను, కొన్ని ఆపై సైబీరియా పశ్చిమభాగమునను గూళ్ళు పెట్టును. చలికాలమున దక్షిణభారతమునకు వచ్చి, ప్రతిపిట్టయు కొన్ని చెట్లను తనవిగా హద్దులేర్పఱచుకొని, ఇతర పిట్టలు రాకుండ చిటిచిటియని అరచుచు కావలి కాయును. పట్టా లేని భూమికి ఇంత పట్టుదల గలదు. తూర్పుకనుమలలో ఏ ఋతువున ఏ పక్షులు కనబడునో ట్రెవర్ ప్రైస్ అను శాస్త్రజ్ఞుడు పరిశీలించి, 1979లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో వ్యాసము ప్రకటించెను. ఎక్కడనుండియో వచ్చినవాడు ఆంధ్రదేశపు కొండలలో కూర్చుండి తేదీలు వ్రాసికొనగా, ఆ కొండల క్రిందనే పుట్టిపెరిగినవారు వ్రాయలేకపోవుట ఆలోచింపదగిన విషయము.

ఇక ఏప్రిల్, మే నెలలలో తోపున దిగు అపురూపమైన అతిథి పొన్నంకి పిట్ట. గోరింకకంటె చిన్నది, తోక పొట్టి, వీపు ఆకుపచ్చ, పొట్ట లేత గోధుమ, గొంతు తెలుపు, కంటిమీద నల్లని పట్టె, రెక్కపై నీలము, తోక క్రింద సిందూరపు ఎఱుపు. ఇన్ని రంగులు కలిగియు అది కొమ్మమీద కూర్చుండి చూపించుకొనదు. చెట్లక్రింది ఎండుటాకులలో నడుచుచు, ఆకులను తిరుగవేసి పురుగులను పట్టుకొని తినును. ఉదయమును సాయంకాలమును రెండు విఱుపులుగా ఈలవేసినట్లు కూయును. తమిళులు దీనిని ఆరుగంటల పిట్ట యందురు. చలికాలమున దక్షిణదేశమునను సింహళమునను ఉండి, మధ్యభారతపు కొండలకును హిమాలయపాదములకును గూడు కట్టుటకు పోవుచు, దారిలో ఇట్టి తోపులలో విశ్రమించును.

ఈ పక్షి పేరున తెలుగువారు గర్వింపదగిన విశేష మొకటి కలదు. ప్రపంచమందలి శాస్త్రజ్ఞులందఱును ఈ జాతికి వాడు పేరు ‘పిట్ట’. 1816లో వియెయో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ పేరు స్థిరపఱచెను. అది లాటిను మాట కాదు, గ్రీకు మాట కాదు. పొలములో పిల్లలు పలుకు తెలుగుమాటయే. ఆ పిమ్మట 1840 ప్రాంతముల జెర్డన్ అను ఆంగ్లేయ వైద్యుడు నెల్లూరున ఉద్యోగము చేయుచు, తూర్పుకనుమలలో తిరిగి పక్షులను పరిశీలించెను. అతనికి వాని అలవాట్లను, స్థానికనామములను తెలిపినవారిలో యానాదులు కలరు. 1862 మొదలు 1864 వరకు వెలువడిన అతని భారతదేశ పక్షుల గ్రంథమున పెక్కు పక్షులకు తెలుగుపేరు కూడ అచ్చుపడినది. అక్షరము రానివారి నాలుకమీది మాట ఆ విధముగా పుస్తకమునకెక్కి నిలిచినది. అందు అచ్చుపడిన పేర్లలో ఎన్నిటిని ఈనాటి బడిపిల్లలు గుర్తింపగలరో ఆలోచించిన మనసునకు కష్టము కలుగును. పేరు మఱచిన పక్షి కంటబడినను చూచినట్లు కాదు.

కవుల మాట కొంత చెప్పవలసియున్నది. మేఘసందేశమున కాళిదాసు మేఘునకు తోడుగా మానససరోవరమునకు పోవు రాజహంసలను చెప్పెను. హిమవంతమున క్రౌంచరంధ్రమను కనుమ హంసలకు ద్వారమనియు వర్ణించెను. వేసవి సరస్సులు ఉత్తరమున నున్నవనియు, పర్వతముల నడుమ దారి పట్టి పోవలెననియు ఎఱిగిన చూపు అది. తలమీద రెండు నల్లని చారలు గల అడవిబాతులు నేటికిని చలికాలమున భారతదేశపు చెరువులలో గడిపి, హిమాలయములు దాటి, లడఖ్, టిబెట్టు పీఠభూముల సరస్సులలో గ్రుడ్లు పెట్టుచున్నవి. శాస్త్రజ్ఞులు చిన్న యంత్రములు తగిల్చి చూడగా, ఏడువేల మీటర్లకు పైబడిన ఎత్తున ఎగిరిన బాతు ఒకటి కనబడినది. కావ్యమున హంసలు వర్షారంభమున కదలును; ఈ బాతులు మాత్రము వసంతముననే బయలుదేరును. కవిని తప్పుపట్ట నక్కఱలేదు. కావ్యము చదివినవాడు తలయెత్తి ఆకాశమును కూడ చూడవలెనన్నదే ఇందలి పాఠము.

చాతకమును గూర్చియు ఇట్లే. వానచినుకు తప్ప త్రాగదన్నది కవిసమయము. కాని నలుపుతెలుపుల శరీరమును, తలపై జుట్టును గల ఆ వానకోయిల నైరుతి పవనములతోపాటు ఆఫ్రికానుండి అరేబియా సముద్రము దాటి ఉత్తర, మధ్యభారతములకు వచ్చుట సత్యము. దక్షిణమున కొన్ని ఏడాది పొడుగున ఇచ్చటనే యుండును. ఇది కూడ కోయిలవలె ఇతరపక్షుల గూళ్ళలో గ్రుడ్డిడును. దత్తు తల్లిదండ్రులు పెంచిన ఆ పిల్ల, కన్నవారిని ఎన్నడును చూడక, ఎవరును దారి చూపక, వర్షములు వెడలినంతనే సముద్రము దాటి ఆఫ్రికాకు పోవును. దారి దానికి పుట్టుకతోనే వచ్చినది.

వచ్చిపోవు పక్షులను గూర్చి పత్రికలు ఒక పొరపాటును వ్యాపింపజేసినవి. పెద్దపక్షి ఏది కనబడినను సైబీరియానుండి వచ్చినదని వ్రాయుట వాడుకయైనది. దీనికి సులభమైన పరీక్ష కలదు. పక్షి గూడు కట్టినచోటే దాని పుట్టిల్లు. నేలపట్టు చెరువులోని కడపచెట్లమీద గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లలను లేపుచున్నవి. అనంతపురసీమలోని వీరాపురమున ఎఱ్ఱకాళ్ళ కొంగలు సంవత్సరారంభమున వచ్చి, ఊరినడిమి చెట్లమీదనే పిల్లలను పెంచి, వర్షకాలమున వెడలిపోవును. ఇవి ఈ దేశపు పక్షులే. నీరును చేపలును ఉన్నచోటునుబట్టి ఒక సీమనుండి మఱియొక సీమకు పోవునవి. వీరాపురమువారు వానిని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులుగా భావించి, చెట్టు కొట్టక, రాయి విసరక కాపాడుచున్నారు. శాస్త్రము చెప్పు మాటయు ఆ గ్రామస్థులు చెప్పు మాటయు ఒక్కటే గదా!

ఇచ్చట గూడు కట్టక, చలికాలము గడిపి వసంతమున పోవునవి అతిథులు. గులాబి గోరింక అతిథి. ఆ పచ్చని చిఱుపిట్ట అతిథి. కాటుకపిట్టలలో రెండు తెగలును కలవు. వాగురాళ్ళ సందున గూడు పెట్టి ఏడాదంతయు ఉండు పెద్ద నలుపుతెలుపు కాటుకపిట్ట ఇంటిది. దసరా దినములలో వచ్చి చైత్రమున పోవు చిన్నవి అతిథులు. ఒక్క వసంతము ఓపికతో చూచినచో ఏది ఇంటిది, ఏది అతిథి అన్న లెక్క బడిపిల్లవాడైనను తేల్చగలడు.

ఇంతటి సంగతి మానవులకు తెలియుటకు చాలకాలము పట్టినది. అరిస్టాటిల్ అంతటి ప్రాజ్ఞుడును శీతకాలమున కొన్ని పక్షులు బొఱియలలో దాగి యుండునని వ్రాసెను. 1822లో జర్మనీదేశమున ఒక కొంగ దొరకినది. దాని మెడలో ఆఫ్రికాదేశపు బల్లెము గ్రుచ్చుకొని యుండెను. బల్లెముతోనే అంతదూరము ఎగిరివచ్చిన ఆ కొంగ శరీరము నేటికిని రోస్టాక్ విశ్వవిద్యాలయమున భద్రపఱుపబడియున్నది. 1899లో డెన్మార్కు దేశపు వీబోర్గ్ పట్టణమున మార్టెన్‌సెన్ అను బడిపంతులు 165 గోరింకజాతి పక్షుల కాళ్ళకు అల్యూమినియపు ఉంగరములు తొడిగి విడిచెను. ఉంగరముమీద అంకెయు, ఊరిపేరును చెక్కించెను. పక్షిని పట్టుకొన్నవాడు ఆ అంకె వ్రాసి పంపినచో అది ఎంతదూరము పోయినదో తెలియును. ఒక్క బడిపంతులు ఆరంభించిన ఈ పని ప్రపంచమంతయు వ్యాపించినది. భారతదేశమున బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు సాలిం అలీ ఆధ్వర్యమున 1959లో పెద్దయెత్తున ఇట్టి పరిశోధనకు పూనుకొనిరి.

పక్షులకు దారి ఎట్లు తెలియును? పగలు సూర్యుని గమనము, రాత్రి నక్షత్రములు, భూమియందలి అయస్కాంతశక్తి వానికి తోడ్పడుచున్నవని తేలినది. 1967లో ఎమ్లెన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వలసపక్షులను కృత్రిమ నక్షత్రశాలలో నుంచి చూచెను. ఉత్తరధ్రువము చుట్టునున్న నక్షత్రములను అవి గుఱుతుగా పెట్టుకొనునని కనుగొనెను. పగటి పొద్దు పెరుగుచుండగా పక్షిలో కోరిక మేల్కొనును. ఆకలి హెచ్చి, కొవ్వు కూడబెట్టుకొనును. పంజరమునందున్న వలసపక్షి సైతము ఆ దినములలో రాత్రి నిదురింపక, తాను పోవలసిన దిక్కునకే తిరిగి రెక్కలు కొట్టుకొనును. చిన్నపిట్టలలో పెక్కు రాత్రిపూటనే ప్రయాణము చేసి, తెల్లవారగానే చెట్లు కనబడినచోట దిగి, తిని, నిదురించి, మరల రాత్రికి లేచును. చెట్లు కనబడినచోట అన్న మాటను శ్రోతలు మనసున నుంచుకొనవలెను.

ఏలనన, రాత్రియంతయు ఎగిరి డస్సిన పది గ్రాముల పిట్టకు తోపు సత్రమువంటిది. పూర్వము బాటసారులకై దాతలు సత్రములు కట్టించి, బావులు త్రవ్వించి, చెట్లు నాటించిరి. సత్రమున్నదని నమ్మి చీకటిపడువేళ చేరిన బాటసారికి కూలిన గోడలు కనబడినచో అతని గతి యేమి? ఈ ఊరి వాగు ఒడ్డున ఒకప్పుడు మూడు బూరుగుచెట్లుండెను. రెండింటిని కొట్టి కలపక్రింద అమ్మిరి. మిగిలినది ఒక్కటి. దానికిని బేరగాండ్రు వచ్చి పోవుచున్నారని వినికిడి. చెఱువులోపలి భూమిలో సర్కారు తుమ్మ అల్లుకొని నాటుచెట్లను ఎదుగనీయకున్నది. మోదుగ, మేడి, రావి క్రొత్తగా నాటువారు అరుదు. ప్రతి ఫాల్గుణమున ఆ ఒక్క బూరుగుమీదనే వందలకొలది పక్షులు వాలుచున్నవి. దాని కలపవెల కొన్నివేల రూపాయలు. అది పోయిన పిమ్మట గులాబి గోరింకల గుంపు వాగుమీద ఒక చుట్టు తిరిగి వెడలిపోవును. తరువాతి సంవత్సరము రానేరాకపోవచ్చును. అప్పుడు అవి ఎందుకు రాలేదని అడుగువాడును ఉండడు. వచ్చుచుండెనని వ్రాసినవాడు లేడు గనుక.

2023లో ప్రకటింపబడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించి, 178 జాతుల రక్షణకు వెంటనే పూనుకొనవలెనని తేల్చినది. దూరప్రయాణము చేయు అతిథిపక్షులు అధికముగా తగ్గుచున్నవని అందు కలదు. ఈ నివేదికకు ఆధారమైనవి ముప్పదివేలమందికి పైగా సామాన్యులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఉద్యోగులు, తాము చూచిన పక్షులను తేదీతో వ్రాసిపెట్టిన లెక్కలు. ఊరివారు వ్రాయు చిన్న పుస్తకము దేశమునకు పనికిరాదని ఎవరును అనుకొనరాదు.

ఊరు తలచినచో ఏమి చేయగలదో నాగాలాండులోని పాంగ్టి గ్రామము చూపినది. మంగోలియా, ఉత్తరచైనా ప్రాంతములనుండి ఆఫ్రికాకు పోవు అముర్ డేగలు ప్రతిసంవత్సరము దోయాంగ్ జలాశయమువద్ద లక్షలుగా దిగును. 2012లో అచ్చట వలలు పన్ని వేలకొలది డేగలను చంపి అమ్మిరి. ఆ వార్త లోకమునకు తెలిసినది. గ్రామపెద్దలును చర్చివారును యువకులును కూడి ఆలోచించి వేట మానిపించిరి. 2013లో అచ్చట వల పడలేదు. ఆ సంవత్సరమే యంత్రము తగిల్చి విడిచిన ఒక డేగకు ఆ గ్రామపు పేరే పెట్టిరి. వేటవలన పేదకుటుంబములకు కొంత రాబడి యుండినది. ఆ నష్టమునకు ఓర్చి వారు ఆ పని చేసిరి. ఈ ఊరివారు చేయవలసినది అంతకంటె చాల తేలిక.

గ్రంథాలయ సంఘమువారికి మనవి యేమనగా, మేజామీద ఒక కొత్త పుస్తకము నుంచవలెను. అందు ఏడు కలములు చాలును: తిథి, ఇంగ్లీషు తేదీ, పక్షి, ఊరివారు పిలుచు పేరు, ఎన్ని, ఏ చెట్టుమీద, చూచినవారి పేరు. మొదట కనబడిన దినమును కడపట కనబడిన దినమును ఎఱ్ఱసిరాతో వ్రాయవలెను. పేరు తెలియని పక్షికి రంగు, పరిమాణము, కూత వ్రాసిన చాలును. చూడనిది చూచినట్లు వ్రాయరాదు. సందేహమున్నచో సందేహమనియే వ్రాయవలెను. దొంగలెక్క వేయుటకంటె కలము ఖాళీగా విడుచుట మేలు. 1941లో మొదట వెలువడిన సాలిం అలీ గారి భారతదేశ పక్షుల పుస్తకము నొకటి తెప్పించి ప్రక్కన నుంచినచో పిల్లలు బొమ్మలతో పోల్చుకొందురు. పశువులకాపరులను, తేనె తీయువారిని, యానాది పెద్దలను గ్రంథాలయమునకు సగౌరవముగా పిలిచి, వారెఱిగిన పక్షుల పేర్లు చెప్పించి వ్రాసికొనవలెను. చదువు రానివారు చెప్పగా చదివినవారు వ్రాయుట ఈ గ్రంథాలయమునకు క్రొత్త శోభ.

చూచుటకు దుర్భిణి యుండిన మంచిదే. లేకున్నను కొఱత లేదు. సూర్యోదయమునుండి రెండు గంటలు మంచి సమయము. తెల్లని బట్టలు మాని, మట్టిరంగు పైబట్ట కప్పుకొని, చెట్టు మొదట ఆనుకొని, మాటలాడక అరగంట కూర్చుండవలెను. మొదటి పది నిమిషములు ఏమియు కనబడదు. పిమ్మట తోపు మనిషిని మఱచిపోవును. అప్పుడు ఎండుటాకుల సవ్వడి వినబడును. గూటివద్దకు పోరాదు, రాయి విసరరాదు. డస్సిన పొన్నంకి పిట్ట ఒక్కొకప్పుడు ఇండ్లలోనికి వచ్చి పడును. దానిని పంజరమున పెట్టరాదు. పిల్లి కందకుండ, గాలియాడు పెట్టెలో చీకటిగా కొంతసేపుంచి, తెప్పరిల్లిన వెంటనే తోపులో విడువవలెను. పక్షులను పట్టుటయు అమ్ముటయు 1972నాటి వన్యప్రాణి రక్షణ చట్టముచే నిషేధింపబడినది. పిల్లల చేతులలోని పంగలకఱ్ఱలను లాగికొనుటకంటె, ఆ చేతులకు కలము నిచ్చి ఈ పుస్తకములో వ్రాయించుట మేలైన ఉపాయము.

చివరిమాట ఆ బూరుగుచెట్టును గూర్చినది. రజతోత్సవమునకు గుర్తుగా ఏదేని కట్టింపవలెనని సంఘమువారు ఆలోచించుచున్నారు. కట్టించుటకు ముందు ఉన్నదానిని నిలుపుట సులభము, చౌక. ఆ చెట్టును వేలము వేయరాదని పంచాయతీవారిని ఈ సభ తీర్మానపూర్వకముగా కోరినచో, దాని ప్రక్కన పోయిన రెండింటికి బదులు రెండు బూరుగుమొక్కలను, నాలుగు మోదుగలను, ఒక రావిని నాటి, మూడు వేసవులు నీరు పోసినచో, సత్రము తిరిగి నిలిచినట్లే. మొక్క పూతకు వచ్చుటకు ఏండ్లు పట్టును. స్వర్ణోత్సవము నాటికి నేటి బడిపిల్లలు నడివయస్సువారై యుందురు. ఆనాడు వారు ఈ బీరువా తెఱచి, నేడు వ్రాయబడు మొదటి పుటను చూచి, ఏ తిథిని గులాబి గోరింకలు వచ్చెనో, ఏ తిథిని వెడలెనో తమనాటి తేదీలతో సరిచూచుకొందురు.

రానున్న ఫాల్గుణముననే ఆ పుస్తకమున మొదటి వరుస వ్రాయబడును గాక. వ్రాయుటకు బూరుగు పూయవలెను, పూయుటకు అది నిలువవలెను. 

స్వస్తి.